పసివాడి సంగతి, పెద్దల తొందర

కూతురి పురుటికి అమెరికా వెళ్ళే తల్లులు మన కుటుంబాలలో ఇప్పుడు అరుదు కారు. బరంపురం నుంచీ వెళుతున్నారు, బళ్ళారి నుంచీ వెళుతున్నారు. కాయం, కారప్పొడి మూట కట్టుకుంటారు గాని, అక్కడి ఆసుపత్రిలో ఎదురయ్యే ఒక ప్రశ్నకు సిద్ధపడి వెళ్ళేవారు తక్కువ. మగబిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజులలోనే “సున్తీ చేయమంటారా?” అని అడుగుతారు. “మనకెందుకమ్మా ఈ ఆచారం?” అని అమ్మమ్మగారు, “ఇక్కడ చాలామంది చేయిస్తారండీ” అని అల్లుడుగారు, నడుమ నలిగేది బాలింతరాలు.

సున్తీ అంటే మగబిడ్డ అంగం కొనను కప్పివుండే చర్మాన్ని తొలగించడం. యూదులకు ఇది ఎనిమిదవ నాటి సంస్కారం. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేలులూ పాటిస్తారు. ముస్లిం సోదరుల ఇళ్ళలో వేడుక. వారికది మతధర్మం. అయినా, తన ఇష్టం చెప్పలేని పసివాని దేహంపై ఇతరులకు హక్కెక్కడిదని కొందరి వాదన. జర్మనీలో 2012 మే నెలలో కొలోన్ న్యాయస్థానం దీనిని దేహానికి గాయం చేయడమేనన్నది. అదే ఏడు డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి తల్లిదండ్రులకు అనుమతి నిచ్చింది.

మతవిధి కాని మన ఇళ్ళలో చూడవలసినది వైద్యుల మాట. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో, లాభాలు ప్రమాదాల కన్న ఎక్కువే గాని, అందరు బిడ్డలకూ చేయించండని చెప్పేటంత కావనీ, నిర్ణయం తల్లిదండ్రులదేననీ అన్నది. తొలి ఏడాదిలో మూత్రకోశపు జబ్బులు తగ్గడం ఒక లాభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీనిని సిఫారసు చేసిన మాట నిజమే. అది ఎయిడ్స్ విస్తారంగా ఉన్న ఆఫ్రికా దేశాలను ఉద్దేశించినది. కాబట్టి చేయించకపోతే బిడ్డకేదో అన్యాయం జరిగిందన్న దిగులు అక్కరలేదు.

చేయించదలిస్తే, నొప్పి తెలియకుండా మందిస్తారా అని ముందే అడగండి. నెలలు నిండని బిడ్డకు, నలతగా ఉన్న బిడ్డకు తొందర కూడదు. రక్తం గడ్డకట్టని జబ్బు వంశంలో ఉంటే దాచకుండా చెప్పాలి. మూత్రద్వారం కొనన గాక క్రిందుగా ఉన్న బిడ్డకు అసలే చేయరాదు. దానిని సరిచేసే శస్త్రచికిత్సకు ఆ చర్మమే కావలసివస్తుంది.

తరువాతి సంరక్షణ వారం పది రోజుల పని. గుడ్డ మార్చినప్పుడల్లా వాజలీను దట్టంగా పూయాలి. గోరువెచ్చని నీటితో మెల్లగా తుడవాలి. పసుపు, విభూతి, పౌడరు వద్దు. పుండుపై పసుపుపచ్చని పొర కనబడితే అది మానుతున్న గుర్తు, గోకి తీయరాదు. ప్లాస్టిక్ ఉంగరం వేసివుంటే అది తానే రాలాలి. రక్తం ఆగకపోయినా, ఎర్రదనం వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం 100.4 డిగ్రీలు తాకినా, 8 గంటలలో మూత్రం పోయకపోయినా ఆలస్యం చేయక డాక్టరును పిలవాలి.

చేయించని బిడ్డకు ఇంతకంటె సులువు: పైపైన కడిగితే చాలు. ఇక్కడ మన ఇళ్ళలోని ఒక అలవాటును ప్రస్తావించక తప్పదు. నీళ్ళు పోసే ముసలమ్మలు నూనె రాసి, ఆ చర్మాన్ని రోజూ వెనక్కు లాగుతుంటారు. ఉద్దేశం మంచిదే, పని మంచిది కాదు. పసివాళ్ళకు ఆ చర్మం లోపల అంటుకొనివుండడమే సహజమని డగ్లస్ గెయిర్డ్‌నర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1949లోనే వ్రాశాడు. ఏళ్ళు గడిచేకొద్దీ అది తానే విడుతుంది. బలవంతాన లాగితే చిట్లి, మచ్చకట్టి, నిజంగానే బిగుసుకుంటుంది. వెనక్కు పోయిన చర్మం ముందుకు రాక వాచిందంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

కాబట్టి అమ్మమ్మలకూ నానమ్మలకూ నా మనవి. విమానం ఎక్కకముందే ఈ మాట కూతురితోనూ అల్లుడితోనూ, కొడుకుతోనూ కోడలితోనూ కదపండి. మీ అభిప్రాయం ఒకసారి చెప్పండి. ఆపైన నిర్ణయం వారికి విడిచిపెట్టండి. పచ్చిబాలింతరాలి మంచం ప్రక్కన పంచాయితీ మాత్రం పెట్టకండి.