కడియం నర్సరీలు: బోర్డు రైతుది, తాళంచెవి ఎవరిది?

రాజమహేంద్రవరం: ఒకప్పుడు కడియపులంకలో మొక్కల వ్యాపారానికి బోర్డు అంటే జాతీయ రహదారి పక్కన పాతిన రేకు బోర్డే. దారిన పోయే లారీలవారు, కార్లవారు దానిని చూసి ఆగేవారు. రోడ్డుకు లోపలగా బుర్రిలంకలోనో, దుళ్ళలోనో వున్న చిన్న రైతు తన మొక్కలను రోడ్డు మీది పెద్ద నర్సరీకి పోసి, వారిచ్చిన ధర పుచ్చుకోవలసి వచ్చేది. ఇప్పుడా బోర్డు సెల్‌ఫోనులోకి చేరింది. ఎక్కడో దూరాన వెంచరు వేస్తున్న వ్యాపారి ఫోనులో ‘కడియం నర్సరీ’ అని వెదికి, పైన కనిపించిన నాలుగైదు నెంబర్లకు ఫోను చేసి బేరం కుదుర్చుకుంటున్నాడు.

రోడ్డు లేని రైతుకు యిది నిజంగా మంచి అవకాశం. పేరు ఎక్కించుకోవడం వరకూ చాలామంది వచ్చారు. ఆ పేరు ఎవరి అధీనంలో వున్నదన్న సంగతి మాత్రం అందరూ పట్టించుకోవడం లేదు.

పూర్వం తంతి తపాలా శాఖ వేసిన టెలిఫోను డైరెక్టరీ ఎటువంటిదో యీ ఆన్‌లైన్ డైరెక్టరీలూ అటువంటివే. ముంబైలో జస్ట్ డయల్, ఢిల్లీ పక్కన నోయిడాలో ఇండియామార్ట్ 1996 లోనే మొదలయ్యాయి. వెబ్‌సైట్లను మనుషులే చదివి పట్టీలో చేర్చే యాహూ డైరెక్టరీ 2014 లోను, స్వచ్ఛంద సంపాదకులు నడిపిన ఓపెన్ డైరెక్టరీ 2017 లోను మూతబడ్డాయి. యిప్పుడు మన వూళ్ళో ఎక్కువ మంది చూసేది గూగుల్ మ్యాపులనే.

గూగుల్‌లో వ్యాపారం పేరు నమోదుకు రుసుము లేదు. ఒక్క పైసా కూడా లేదు. జస్ట్ డయల్, ఇండియామార్టులలో కూడా మామూలు నమోదు ఉచితమే. పైవరసలో కనిపించాలన్నా, కొనుగోలుదారుల ఎంక్వయిరీలు ఎక్కువగా కావాలన్నా సొమ్ము కట్టాలి. అది వారి వ్యాపారం, తప్పు పట్టవలసింది లేదు. అయితే ఒకే ఎంక్వయిరీ నలుగురైదుగురు అమ్మకందార్లకు వెళ్ళవచ్చునని ముందే తెలుసుకుని, సంవత్సరపు చందా గిట్టుతుందో లేదో లెక్క చూసుకోవాలి. సొమ్ము కట్టిన మాత్రాన లోడు అమ్ముడయినట్లు కాదు.

చిక్కంతా మధ్యవర్తి దగ్గర వస్తున్నది. కంప్యూటరు తెలిసిన కుర్రవాడెవరో వచ్చి ‘రెండువేలివ్వండి, మీ నర్సరీని గూగుల్‌లో పెడతా’నంటాడు. పని చేసినందుకు కూలి యివ్వడం న్యాయమే. కాని నమోదు అతని మెయిలు ఖాతా మీద జరిగితే ఆ బోర్డుకు యజమాని అతనే. రేపు అతనితో మాట తేడా వస్తే ఫోను నెంబరు మార్చి వేరే నర్సరీది పెట్టగలడు. పేరు మీదే వుంటుంది, ఫొటోలలోని మొక్కలూ మీవే, బేరాలు మాత్రం మరొకరి గుమ్మానికి పోతాయి. రైతుకు యీ సంగతి తెలిసేసరికి సీజను అయిపోవచ్చు. తొలకరిలో పోయిన బేరం మళ్ళీ తొలకరికిగాని రాదుగదా!

కనుక ఖాతా యజమానిగా రైతు మెయిలే వుండాలి. సాయం చేసేవారిని మేనేజరుగా చేర్చుకునే ఏర్పాటు గూగుల్‌లోనే వున్నది. అక్కర తీరితే తీసివేయవచ్చు. యిప్పటికే పరాయి చేతిలో వుంటే, అధికారం అప్పగించమని ఆ పేజీ నుంచే అర్జీ పంపవచ్చు. ఆ ఖాతాదారు మూడు రోజులలో జవాబివ్వకపోతే స్వాధీనం చేసుకునే మార్గం దొరకవచ్చు.

సొంత వెబ్‌సైటు పెట్టించుకున్నవారిదీ యిదే కథ. సైటు కట్టినవాడు డొమైను పేరును తన పేర రిజిస్టరు చేయించుకుంటే, పొలం మీరు దున్నుతుండగా పట్టా పరాయివాడి పేర వున్నట్లే. పైగా డొమైను రుసుము గడువు తీరేలోగా కట్టకపోతే పేరు చేజారుతుంది. ఉచితాన్ని నమ్ముకున్నవారికి మరో అనుభవం వున్నది. వ్యాపారుల నమోదుతో పాటు గూగుల్ యిచ్చిన చిన్న వెబ్‌సైట్లను ఆ సంస్థే 2024 మార్చిలో మూసివేసింది. విజిటింగ్ కార్డులపైన, లారీల వెనుక రాయించుకున్న ఆ చిరునామాలు యిప్పుడు పనికిరావు.

పేరు పైవరసలో రావడానికి ఏ మంత్రమూ లేదు. వెదికినదానికి మన వ్యాపారం ఎంతవరకు సరిపోతుంది, వెదికే మనిషికి ఎంత దూరంలో వున్నాం, మనకెంత పేరున్నది అనే మూడింటినీ చూస్తామని గూగుల్ చెబుతున్నది. సొమ్ము పుచ్చుకుని యీ వరస మార్చదు. ప్రకటనల సంగతి వేరు. ‘మొదటి స్థానం గ్యారంటీ’ అని బయానా అడిగేవారిని గుమ్మం దగ్గరే ఆపవచ్చు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, సాయంత్రంలోగా కట్టకపోతే మీ పేరు తీసేస్తాం’ అనే ఫోనులూ యీ కోవలోవే.

మరో మోసం నెంబరు బయటపడ్డాక వస్తుంది. మిలిటరీ అధికారినంటూ ఒకడు వందల మొక్కలకు ఆర్డరిచ్చి, డబ్బు పంపుతున్నానని క్యూఆర్ కోడు పంపి, పిన్ను కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్నుతో పని లేదు. పిన్ను కొడితే పోయేది మన డబ్బే. పోయిన వెంటనే 1930 కి ఫోను చేస్తే ఆ సొమ్మును మధ్యలో నిలిపే వీలుంటుంది, ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది.

చిరునామా విషయంలో మన పల్లెల తంటా వేరు. కాలవ గట్టు దిగి ఎడమకు తిరగమంటే మ్యాపుకు తెలియదు. ఒకే వూరిపేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసుకుంటున్నారు, ఒకే దేవుడి పేరుతో పక్కపక్కనే రెండేసి నర్సరీలున్నాయి. గుర్తు తోటలో కాక వూరి మధ్య పడితే లోడుకు వచ్చిన లారీ పొరుగువాని గేటు ముందు ఆగుతుంది. అన్ని డైరెక్టరీలలోను పేరు, చిరునామా, నెంబరు అక్షరం తేడా లేకుండా వుండాలి. గుర్తును రైతే తన గేటు దగ్గర నిలబడి పెట్టుకోవాలి.

గూగుల్ యిప్పుడు చాలామందిని వీడియో తీసి పంపమంటున్నది. దారి, బోర్డు, లోపలి మొక్కల వరసలు, యజమానే గేటు తాళం తీయడం, యివన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో కనిపించాలి. గేటు ముందు బోర్డు లేక ఆగిపోయేవారు ముందుగా రేకు బోర్డు ఒకటి రాయించుకోవలసి వున్నది.