వలపలి కాలా, దాపటి కాలా? – ఫిజియోథెరపీలో మాట విలువ

2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టుల పేరు ముందు ‘డాక్టర్’ అన్న మాట ఉండవచ్చునా అనే విషయంపై దేశంలో పెద్ద వివాదమే నడిచింది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 9వ తేదీన కూడదని లేఖ వ్రాయడం, మరునాడే దానిని ఉపసంహరించుకోవడం జరిగింది. ఫిజియోథెరపీ కూడా 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చిన తరువాత ఇటువంటి చర్చ తలయెత్తడం సహజమే. కాని పేరు ముందు ఏముండాలన్న దానిపై సాగిన వాదంలో పదోవంతైనా, ఆ నిపుణుడు చెప్పే మాట రోగికి బోధపడుతున్నదా అన్న దానిపై సాగలేదు. సరిహద్దు గ్రామాలకు ఈ రెండవ ప్రశ్నే ప్రధానమైనది.

మాత్ర అర్థం కాకపోయినా పనిచేస్తుంది. ఫిజియోథెరపీ అట్లా కాదు. నిపుణుడు రోగి దగ్గర గడిపేది కొద్దిసేపు మాత్రమే. మిగిలిన దినమంతా రోగి తానే, తనకు అర్థమైనంత మేరకు, చేసుకోవాలి. పక్షవాతం వచ్చిన వారిలో కోలుకోవడం ఎక్కువగా తొలి నెలలలోనే జరుగుతుంది. ఆ నెలలు తప్పుడు అవగాహనతో గడచిపోతే అంతటి అవకాశం తిరిగి రావడం కష్టం.

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని ప్రారంభించినది కృష్ణగిరి జిల్లా సామనపల్లి గ్రామంలోనే. ఇంటి ముంగిటికే ఫిజియోథెరపీ అందించడం అందులో ఒక భాగం. ఉద్దేశం ఎంతో మంచిది. అయితే హోసూరు, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాలలో ఎన్నో ఇండ్లలో పెద్దల భాష తెలుగు. వారికి తమిళం రాదని కాదు. సంతలో బేరమాడడానికి, బస్సు అడగడానికి కావలసినంత వచ్చును. ‘మడమ నేలకు ఆనించి, తుంటి లేవకుండా, మోకాలు మాత్రం మెల్లగా వంచు’ అన్న వాక్యానికి ఆ సంత భాష చాలదు.

పొరుగు భాషలు గనుక ఇబ్బంది మరింత సూక్ష్మమైనది. తమిళంలో ‘తూక్కు’ అంటే ఎత్తు. తెలుగు చెవికి అది ‘తూగు’ అని వినిపిస్తే ఆశ్చర్యం లేదు. ‘వలదు’ అంటే అక్కడ కుడి. మన గ్రంథాలలో వద్దు! చిత్రమేమంటే, మడక దున్నిన ముసలి రైతుకు వలపలి ఎద్దు కుడివైపుదని, దాపటిది ఎడమవైపుదని ఇప్పటికీ తెలుసు. ‘వలపలి కాలు’ అన్న ఒక్క మాటతో తీరిపోయే సందేహం ఇది.

ఈ లోటును ఇండ్లలో పూడ్చుతున్నది పిల్లలు. 2006 నాటి చట్టం వలన తమిళం తప్పనిసరిగా చదివిన మనుమడు, మనుమరాలు దుబాసీలవుతారు. నిపుణుడు నిమిషం సేపు వివరించినది ‘కాలు ఆడించమంటున్నాడు అవ్వా’ అన్న ఒక్క ముక్కగా దిగుతుంది. ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి అన్నవి మధ్యలోనే జారిపోతాయి. తిరుగు మార్గంలో ఇంకా కష్టం. మూత్రం ఆపుకోలేకపోవడం, పడిపోతానన్న భయం, కోడలికి భారమైపోయానన్న బాధ – ఇవి అవ్వ మనుమడి నోట పలికించదు.

నొప్పి సంగతి వేరుగా చెప్పుకోవాలి. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజుడు, పట్టేయడం – తెలుగులో ఇవన్నీ వేర్వేరు. తిమ్మిరి, మంట నరాన్ని అనుమానింపజేస్తాయి. పట్టేయడం కండరాన్నో కీలునో. అన్నింటినీ ‘వలి’ అన్న ఒకే మాటలో కట్టివేస్తే చికిత్సకుడికి అందవలసిన సూచన అందదు. పదింటికి ఎంత నొప్పి అని అడిగితే తెల్లబోయే వృద్ధులు, రూపాయికి ఎన్ని అణాలు తగ్గిందంటే తడుముకోకుండా చెప్పగలరు. అలాగే జీవితమంతా కూలి చేసిన మనిషిని ‘వ్యాయామం చేయి’ అంటే, ఇన్నాళ్లూ చేసినది చాలదా అనుకుంటాడు. కదిపితే కీలు చెడుతుందన్న నమ్మకం ఉన్నచోట, సాగదీసినప్పటి నొప్పి వేరు, హాని చేసే నొప్పి వేరు అని నచ్చజెప్పకుండా ఏ కసరత్తూ రెండవ రోజుకు నిలవదు.

‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తల ఊపుతారు, బడిలోనూ అంతే. ‘ఒకసారి చేసి చూపించవ్వా’ అని అడగడమే సరైన పరీక్ష. పక్షవాతంతో మాట పడిపోయిన వారికైతే ఇది తప్ప మార్గమే లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం భావవ్యక్తీకరణకు ఇచ్చిన నిర్వచనంలో భాషలను కూడా చేర్చింది. కనుక తెలుగులో చెప్పమని కోరడం దయాభిక్ష కాదు. నిపుణుడు రాత్రికి రాత్రి తెలుగు నేర్వనక్కరలేదు. శరీర భాగాలు, దిక్కులు, నొప్పి రకాలు కలిపి నూరు మాటలు, బొమ్మలతో ఒక కాగితం సరిపోతుంది. ఆ పథకంలో ఇల్లిల్లూ తిరిగే మహిళా ఆరోగ్య వాలంటీరుకు ఊరి తెలుగు వచ్చినచోట, రక్తపోటు చూసి వెళ్లిపోవడంతో సరిపెట్టక, ఫిజియోథెరపిస్టు మొదటిసారి వచ్చిన నాడు అవ్వ మంచం ప్రక్కన ఆమెనూ కూర్చోబెట్టాలి. మనుమడిని బడికి పంపాలి.