కత్తెర పట్టని గురువు

ఉపన్యాసాలకు వెళ్ళే జనం రెండు తెగలు. వక్త మాట వినడానికి వెళ్ళేవారు కొందరు. వక్తను కంటితో చూసి రావడానికి వెళ్ళేవారు కొందరు. వక్త టెలివిజన్ తెరమీద పేరు పొందినవాడైతే ఈ రెండవ తెగ పెరగడం సహజం. అందులోను ఆయన వస్త్రాలంకరణ నేర్పే వ్యక్తి అయినప్పుడు, ఆ సభకు బయలుదేరిన బడిపంతులును చూసి తోటివారు నవ్వినా నవ్వవచ్చు. “పాఠం చెప్పుకొనేవాడికి ఫ్యాషన్లతో ఏమి పని?” అని అడిగినా అడగవచ్చు. ఆ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానం చెప్పగల మనిషి అమెరికాలో ఒకరున్నారు. ఆయన పేరు టిమ్ గన్.

టిమ్ గన్ 1953లో వాషింగ్టన్ నగరంలో జన్మించారు. ఆయన అభ్యసించినది శిల్పకళ. చదివిన కార్కొరన్ కళాశాలలోనే కొంతకాలం బోధించి, ఆ తరువాత న్యూయార్క్‌లోని పార్సన్స్ డిజైన్ విద్యాలయంలో చేరారు. 2000లో అక్కడి ఫ్యాషన్ శాఖకు అధ్యక్షులయ్యారు. ‘ప్రాజెక్ట్ రన్‌వే’ అనే పోటీ కార్యక్రమం టెలివిజన్‌లో ఆరంభమైనది 2004 డిసెంబరులో. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు దాటినవి. పార్సన్స్‌లోనే ఇరవై ఏళ్ళకు పైగా గడిపినారు. అనగా టెలివిజన్ ఆయనను గురువును చేయలేదు. ఉన్న గురువును తీసుకువచ్చి తెరమీద నిలిపినది. బాల్యంలో నత్తితో బాధపడిన పిల్లవాడు లక్షలమంది వినే వక్త కావడం మరొక విశేషం. తరగతిలో లేచి నిలబడి మాట్లాడటానికి జంకే విద్యార్థి ఈ ఒక్క సంగతి తెలుసుకొన్నా చాలు, ఆ సభకు వెళ్ళిన శ్రమ వృథా కాదు.

ఆ కార్యక్రమం తీరు ఇది. కొందరు యువ డిజైనర్లకు ప్రతి ఘట్టంలోను ఒక పరీక్ష పెడతారు. ఇంత డబ్బు, ఇంత సమయం అని గడువు విధిస్తారు. ఆ గడువులో వారు బట్ట ఎంచుకొని, కత్తిరించి, కుట్టి, న్యాయనిర్ణేతల ఎదుట ప్రదర్శింపజేయాలి. మెప్పించలేనివారు ఇంటిదారి పట్టాలి. హైడీ క్లూమ్, మైకేల్ కోర్స్, నీనా గార్సియా వంటివారు చాలా కాలం తీర్పరులుగా ఉన్నారు. టిమ్ గన్ మాత్రం తీర్పరి కాదు. పని సాగుతున్న గదిలోకి ఆయన వస్తారు. ఒక్కొక్కరి బల్ల దగ్గర నిలుస్తారు. గడ్డం కింద చేయి ఆనించి కాసేపు చూస్తారు. ఏమి చేయదలచారని అడుగుతారు. తనకు తోచిన సందేహం చెపుతారు; వెళ్ళిపోతారు. కత్తెర మాత్రం పట్టరు.

ఆ పట్టకపోవడంలోనే బోధనాశాస్త్రమంతా ఉన్నది. తెలిసినవాడికి తెలియనివాని తడబాటు చూస్తూ ఊరకుండటం ఎంత కష్టమో ప్రతి ఉపాధ్యాయుడికీ అనుభవమే. చిత్రలేఖనం పంతులు పిల్లవాని చేతిలోని కుంచె లాక్కొని తానే గీత సరిచేస్తాడు. పాఠశాలలలో ఏటా జరిగే వైజ్ఞానిక ప్రదర్శనలను చూసినవారికి ఈ సంగతి మరింత స్పష్టం. బల్లమీద నమూనా అందంగా ఉంటుంది. దాని వెనుక నిలిచిన బాలుడు కంఠస్థం చేసిన నాలుగు మాటలు అప్పగిస్తాడు. ఐదవ ప్రశ్నకు తండ్రి ముఖంలోకి చూస్తాడు. బహుమతి బాలునికి దక్కుతుంది, విద్య తండ్రికి మిగులుతుంది! సహాయం పేరిట జరిగే ఈ అపహరణను గుర్తించడానికి కుట్టుపని గదిలోని ఆ దృశ్యం కంటె మంచి పాఠం దొరకదు.

ఇక విమర్శ సంగతి. ‘దండం దశగుణం భవేత్’ అని నమ్మిన కాలం ఒకటి. ఏది చేసినా ‘భేష్’ అని వీపు తట్టడమే ప్రోత్సాహమని నమ్మే కాలం ఇంకొకటి. మొదటిది పిల్లవాని ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుంది. రెండవది వాని వివేకాన్ని నిద్రపుచ్చుతుంది. టిమ్ గన్ 2015లో ప్రచురించిన ‘ది నాటీ ప్రొఫెసర్’ అనే గ్రంథంలో ‘టీచ్’ అనే ఆంగ్లపదంలోని ఐదు అక్షరాలను ఐదు ధర్మాలుగా విభజించినారు: సత్యం చెప్పడం, ఎదుటివాని స్థితిని తనదిగా ఎంచడం, ప్రశ్నించడం, ఉత్సాహపరచడం, మంచి జరుగుతుందని ఆశించడం. సత్యం మొదట ఉన్నది. కాని అది ఒంటరిగా లేదు. ఆ సత్యవ్రతం శిష్యులకే పరిమితం కూడా కాదు. స్థూలకాయులైన స్త్రీలకు తగిన దుస్తులు రూపొందించడానికి నిరాకరిస్తున్న తన వృత్తివారిని 2016లో ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికలో ఆయన బాహాటంగా తప్పుపట్టినారు. బలహీనులకు మాత్రమే సత్యం చెప్పేవాడు గురువు కాడు.

ఆయన చేతిలో మార్కులు లేకపోవడం కూడా విచారించదగినది. 2013లో ఆ కార్యక్రమం ఆయనకు ఒక అధికారం ఇచ్చినది. తీర్పరులు పంపివేసిన ఒక్కరిని, ఒక్కమారు, ఆయన తిరిగి నిలుపుకోవచ్చు. గురువుకు దక్కిన ఏకైక అధికారం శిక్షించేది కాదు, రక్షించేది! బడిలో పరిస్థితి వేరు. నేర్పే చేతితోనే మార్కులు వేయాలి. అందువల్లనే పిల్లవాడు తన సందేహాన్ని ఉపాధ్యాయుని ఎదుట విప్పడానికి వెనుకాడుతాడు. సందేహం చెప్పుకొంటే అది తన లెక్కలో పడుతుందని భయం. ఈ రెండు పాత్రలను విడదీయడం ఉపాధ్యాయునికి సాధ్యం కాకపోవచ్చును. నేర్చుకొనే వేళ చేసిన తప్పుకు మార్కు లేదని పిల్లలకు నమ్మకం కలిగించడం మాత్రం సాధ్యమే.

‘మేక్ ఇట్ వర్క్’ అన్నది ఆయన నోట ప్రసిద్ధమైన మాట. చేతిలో ఉన్నదానినే చక్కదిద్దుకో అని దాని భావం. చేసినదంతా పారవేసి మళ్ళీ మొదటినుంచి ఆరంభిస్తామనే శిష్యులకు పార్సన్స్‌లో చెప్పిన మాటే తెరకెక్కినది. తప్పును పారవేసినవాడు తప్పు ఎక్కడ జరిగినదో తెలుసుకోలేడు, దిద్దుకొన్నవాడే తెలుసుకొంటాడు. అయితే ఈ మాటకు ఒక హద్దు ఉన్నది. ఆ పోటీదారులకు బట్ట ఇచ్చినారు, కుట్టుమిషను ఇచ్చినారు, వెలుతురు గల గది ఇచ్చినారు. ఆ తరువాతనే చక్కదిద్దుకొమ్మన్నారు. ప్రయోగశాల లేని బడికి, ఒకే గదిలో రెండు తరగతులు నడిపే పంతులుకు అదే మాట చెపితే అది ప్రోత్సాహం కాదు, బాధ్యత తప్పించుకోవడం. శిష్యునికి చెప్పవలసిన మాటను పాలకులు తమకు సాకుగా వాడుకోరాదు.

ఇదంతా వినోదం కోసం పన్నిన పోటీయే కదా, కన్నీళ్ళు కూడా అక్కడ సరుకే కదా అని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ నిజమే. కాని వినోదం మధ్య విద్య నిలబడగలదని తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1996లో ఆరంభమైన ‘పాడుతా తీయగా’లో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం బాలగాయకుల ఉచ్చారణ దిద్దుతుంటే, ఇంటిలో కూర్చున్నవారి ఉచ్చారణ కూడా కొంత దిద్దుబాటైనది. వేదిక పోటీదే, దానిని తరగతి గదిగా మార్చినది మనిషి.

టిమ్ గన్ ‘ప్రాజెక్ట్ రన్‌వే’ను విడిచినట్లు 2018లో వెల్లడైనది. 2019లో ఆ స్థానంలో నిలిచినవాడు క్రిస్టియన్ సిరియానో. 2008లో ముగిసిన నాల్గవ పోటీలో గెలిచిన యువకుడు, ఒకనాడు అదే గదిలో బల్ల దగ్గర ఆయన ప్రశ్నలకు సమాధానం వెదుక్కొన్నవాడు. గురువు విజయానికి ఇంతకు మించిన సాక్ష్యం వేరే ఉండబోదు.

కనుక అట్టి వక్త సభకు ఉపాధ్యాయుడు నిస్సంకోచంగా వెళ్ళవచ్చును. ఏ రంగు చొక్కాకు ఏ రంగు కోటు నప్పుతుందో తెలుసుకొని వచ్చినా నష్టం లేదు. కాని మరునాడు బడిలో, లెక్క తప్పుతున్న పిల్లవాని పలకమీదికి తన చేయి పోబోయినప్పుడు, ఒక్క క్షణం ఆగి, “ఇది ఎందుకు ఇలా చేశావు, నాయనా?” అని అడగగలిగితే, ఆ సభకు నిజంగా వెళ్ళి వచ్చినవాడు ఆయనే.