తప్పు తుపాకిదేనా?

హైదరాబాదులోని ఒక షూటింగ్ రేంజి. సాయంకాలం. గోడవారన బల్లమీద కూర్చొని ఒక తండ్రి కాగితంపై లెక్కలు వేసుకొంటున్నాడు. ఆయన ఒక కార్యాలయంలో గుమాస్తా. పద్నాలుగేళ్ల కూతురు మూడేళ్లుగా ఒక పాత స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌తో సాధన చేస్తోంది. ఆరు నెలలుగా ఆమె పాయింట్లు పెరగడం లేదు. పక్కనున్న పిల్లల చేతుల్లో లక్షల రూపాయల ఖరీదుచేసే విదేశీ రైఫిళ్లున్నాయి. ఇంటి స్థలం కోసం దాచిన సొమ్ము తీసి కొత్తది కొనడమా, ఉన్నదాన్నే బాగుచేయించడమా? ఆ అమ్మాయి కొత్తది కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే ఆయనను ఎక్కువగా బాధించింది.

ఈ సమస్య ఆయన ఒక్కడిదే కాదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణపతకం గెలిచాక, 2012లో లండన్‌లో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాక, ఎన్నో మధ్యతరగతి ఇళ్లలోకి ఎయిర్ రైఫిల్ ప్రవేశించింది. దానితోపాటే ఈ ప్రశ్న కూడా ప్రవేశించింది.

ఈ క్రీడ కోరే కచ్చితత్వం ఎంతటిదో చూడండి. లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడుమ ఉన్న పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. పెద్దల పోటీలో 75 నిమిషాలలో 60 గుండ్లు పేల్చాలి. ఇక్కడ బలానికి విలువ లేదు, నిలకడకే విలువ.

స్ప్రింగు తుపాకిలో ట్రిగ్గరు నొక్కగానే బిగిసివున్న స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ గాలిని నొక్కితే, ఆ గాలి సీసపు గుండును తరుముతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకి కుదుపుకు లోనవుతుంది. పట్టు ప్రతిసారీ ఒకే తీరున లేకపోతే గుండు దారి తప్పుతుంది. గాలి సిలిండరు అమర్చిన రైఫిల్‌లో ఈ కుదుపు లేదనే చెప్పవచ్చు. అందులో గాలి సుమారు 200 బార్‌ల ఒత్తిడితో, అంటే కారు టైరులోకంటే 90 రెట్ల ఒత్తిడితో, ముందే నిలువ ఉంటుంది. అందువల్ల అది చేతి పొరపాట్లను కొంత మన్నిస్తుంది. స్ప్రింగు తుపాకి మన్నించదు.

తండ్రి చివరికి శిక్షకుడినే అడిగాడు. “సార్, గట్టి స్ప్రింగు వేయిస్తే ఉపయోగం ఉంటుందా?”

శిక్షకుడు తల అడ్డంగా ఊపాడు. “కుదుపు పెరుగుతుందండీ, గురి పెరగదు. పోటీ రైఫిళ్ల శక్తి 7.5 జౌల్‌ల ప్రాంతంలోనే ఉంటుంది. పైగా 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌల్‌లు దాటితే లైసెన్సు తప్పనిసరి. ముందు తప్పు ఎవరిదో తేలుద్దాం.”

ఆయన ఆ పాత తుపాకితో తానే పది గుండ్లు పేల్చాడు. రంధ్రాలు చెల్లాచెదురుగా పడ్డాయి. కనుక లోపం అమ్మాయి ఒక్కదానిదే కాదు. విప్పి చూస్తే మరలు వదులయ్యాయి, పిస్టన్ సీలు అరిగింది. సీలు, స్ప్రింగు కొత్తవి వేసి, మరలు బిగించి, రెండు మూడు రకాల గుండ్లు పరీక్షించారు. ఒక రకం గుండ్లతో రంధ్రాలు దగ్గరపడ్డాయి. ఒకే కొలత అని పేరుకు చెప్పుకొన్నా, గుండు తల వ్యాసంలో మిల్లీమీటరులో నూరోవంతు తేడా కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఖర్చు చూస్తే కొత్త రైఫిల్ ధరలో వందోవంతు కూడా కాలేదు.

అయినా అమ్మాయి గుండ్లు మాత్రం ఎడమవైపుకే పోతున్నాయి. శిక్షకుడు ఆమె వెనుక నిలబడి కొంతసేపు గమనించి నవ్వాడు. “నువ్వు పొడవయ్యావు తల్లీ, తుపాకి పొడవు కాలేదు.” పదకొండో యేట అమర్చిన భుజపు పట్టా పద్నాలుగో యేట పొట్టిదైపోయింది. రెండు పలకలు చేర్చగానే ఆమె మెడ నిటారుగా నిలిచింది.

తర్వాత ఆయన ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. వారంలో నాలుగు రోజులు సొంత తుపాకి, రెండు రోజులు క్లబ్బువారి సిలిండరు రైఫిల్. ప్రతిరోజు పాయింట్లు రాయాలి. “కొనాలో వద్దో నేను చెప్పను, ఈ అంకెలు చెబుతాయి,” అన్నాడు.

నాలుగు నెలలకు అంకెలు చెప్పాయి. సొంత తుపాకితో పాయింట్లు పెరిగి, ఒకచోట ఆగిపోయాయి. క్లబ్బు రైఫిల్‌తో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. పాత తుపాకి నేర్పగలిగినంతా నేర్పింది. తండ్రి అప్పుడు కొన్నాడు. అది కూడా ఒకరు వాడిన రైఫిల్. సిలిండరుమీది గడువు తేదీ చూసి మరీ కొన్నాడు. గడువు దాటిన సిలిండరును పోటీలలో అనుమతించరు. స్థలం సొమ్ములో సగానికి పైగా మిగిలింది.

మేలైన పరికరం కూడా అభయం కాదు. 2016లో రియో పోటీకి కొద్దిముందు బింద్రా రైఫిల్ సైటు విరిగింది. వేరే సైటు అమర్చుకొని ఆడి, ఆయన నాలుగో స్థానం దాకా వెళ్లాడు. ఆనాడు ఆయనను నిలబెట్టింది ఏళ్ల సాధన.

ఆ అమ్మాయి పాత తుపాకి ఇప్పుడు క్లబ్బులో పదేళ్ల పిల్లవాడి చేతిలో ఉంది. చేర్చిన పలకలు రెండూ తీసి, ఆమే తన చేతులతో దాన్ని అతని భుజానికి సరిచేసింది.