బి సైడులో మిగిలిన రెండు నిమిషాలు

చిలకలూరిపేట నుంచి ఓ కాలేజీ తమ్ముడు ఉత్తరం రాశాడు. మెసేజీ కాదండోయ్, స్టాంపు అంటించిన ఉత్తరమే! "అన్నగారూ, మీ రోజుల్లో ప్లేలిస్టులు లేవు కదా. ఇష్టమైన పాటలన్నీ ఒక్కచోట ఎలా వినేవారు? మీ లిస్టేదో మాకూ చెప్పకూడదా?" అని.

లేకేం తమ్ముడూ, ఉండేవి. అమెరికా కుర్రాళ్ళు మిక్స్‌టేప్ అన్నారు. మనం 'సెలెక్టెడ్ సాంగ్స్' అన్నాం. మీ పేటలోనే కాదు, గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు... 1980ల్లో ఎక్కడ బస్సు దిగినా నాలుగడుగుల్లో ఓ రికార్డింగ్ సెంటర్ కనపడేది. తెల్లకాగితం మీద పాటల పేర్లు వరసగా రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చి రావాలి. "ఎప్పుడు రమ్మంటారు?" అంటే "మంగళవారం" అనేవాడు. మంగళవారం వెళితే "కరెంటు లేదు బాబూ, శుక్రవారం రా" అనేవాడు. ఆ మూడు రోజులూ అన్నం సయించేది కాదనుకో! చట్టం మాటకొస్తే అది తప్పే. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు కూడా పెంచారు. ఆ సంగతి మాకు పట్టిందా, సెంటరువాడికి పట్టిందా?

ఫిలిప్స్ వాళ్ళు 1963లో బయటపెట్టిన వస్తువది. సి-60 అంటే పక్కకి 30 నిమిషాలు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు, పొడవు మాత్రం దాదాపు 86 మీటర్లు. పాట నాలుగు నిమిషాలనుకుంటే పక్కకి ఏడు పాటలు పట్టి, చివర్న రెండు నిమిషాలు మిగులుతుంది. ఆ రెండు నిమిషాల సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను. టేపు బయటికొచ్చి చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పుకోవటమే. హెడ్డు మీద మురికి పడితే స్పిరిటులో ముంచిన దూదితో తుడవాలి. దూదికి మాకు కరువా? చేలో బోలెడు!

సరే, నా లిస్టు. ఏ సైడు చెప్పి నిన్ను విసిగించను. ఇళయరాజా, చక్రవర్తి, రమేష్ నాయుడు, బాలు, సుశీల, జానకి... ఇవాళ నీ ఫోను మీద వేలు పెడితే చాలు, అవన్నీ పలుకుతాయి. అన్నట్టు జానకి గారు పుట్టింది మన రేపల్లె తాలూకా పల్లపట్లలోనే, తెలుసా?

అసలు సరుకంతా బి సైడులో ఉంది. అందులో సినిమా పాట ఒక్కటీ ఉండకూడదని నా పంతం. స్నేహితులు "వీడికి పిచ్చి" అన్నారు. అనుకోనీ!

మొదటిది ఘంటసాల గారి 'పుష్పవిలాపం'. సినిమా కోసం పాడింది కాదు, విడిగా ఇచ్చిన రికార్డు. పద్యాలు రాసిన కరుణశ్రీ గారు గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన మేష్టారు. ఆ రికార్డు విన్న మర్నాడు మా అక్క పూలు కోయటం మానేసింది. (వారం రోజులే. తర్వాత శ్రావణమాసం వచ్చింది!)

రెండోది ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండలో ఓ ముక్క. ఆయనదీ తెనాలి దగ్గర మోపర్రు. 1944లో 'తాసీల్దార్' సినిమాకి పాడి తెలుగులో తొలి నేపథ్య గాయకుడనిపించుకున్న మనిషి, చివరికి ఊరూరా గుడి మైకులో మిగిలింది సుందరకాండతోనే. దాని వెనకాలే బోనీ ఎం! నవ్వకు. ఇంజనీరింగు చదివే మా పెద్దన్న హాస్టలు నుంచి తెచ్చాడు. లంకాదహనం అయ్యాక డిస్కో వస్తే తప్పేముంది?

తర్వాత విజయవాడ రేడియోలో 'ఈ మాసపు పాట'. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి, ఇంట్లో అందర్నీ "ష్" అని కసిరి పట్టిన పాట. అంత కాపలా కాసినా చరణం మధ్యలో మా కోడిపుంజు కూసింది. ఇప్పుడా పాట ఎక్కడ శుభ్రంగా విన్నా ఏదో లోటుగా ఉంటుంది నాకు. కోడి లేదు కదా!

ఇక నాజర్ గారి బుర్రకథ. పూర్తిగా పట్టదు కాబట్టి ఓ ముక్కే. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, ఓ పక్క హాస్యం, ఓ పక్క రాజకీయం చెప్పే వంతగాళ్ళు. మీ ర్యాప్ పాటగాళ్ళు ఊపిరాడకుండా చెబుతారే, ఆ పనే ఈయన చిందులు తొక్కుతూ చేసేవాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరు గుంటూరు దగ్గర పొన్నెకల్లు. ఈ ఊరి పేరు కూడా గుర్తుపెట్టుకో.

చివర్న పద్యాలు. సినిమా పిచ్చోళ్ళకి పద్యాలేమిటంటావా? మన మెట్ట ఊళ్ళల్లో రాత్రిపూట అసలు సినిమా అదేనయ్యా! పీసపాటి కృష్ణుడు రాయబారంలో రాగం తీస్తుంటే ముసలాళ్ళు వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. హరిశ్చంద్ర కాటిసీనులో పాడే శ్మశానవాటి పద్యాలు వినుకొండ కవి జాషువా గారివి. నాటకం బలిజేపల్లి వారిదైనా, ఆ సీను వచ్చేసరికి జనం ఎదురుచూసేది జాషువా పద్యాలకే.

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి తమ్ముడూ. నా క్యాసెట్లో ఉండాల్సిన పద్యాలు పీసపాటివి కావు. మా మావయ్యవి.

మావయ్యది పేటకి దగ్గర్లో పల్లెటూరు. పత్తి, మిరప. కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభలు కట్టిన రోజుల్లో ఊరి నాటకంలో హరిశ్చంద్రుడు ఆయనే. మిరపకాయ కోసి కల్లంలో ఆరబోశాక రాత్రిళ్ళు కాపలా పడుకోవాలి. పక్క కల్లాల వాళ్ళు కూడా చేరేవాళ్ళు, మావయ్య చేత పద్యాలు పాడించుకునేవాళ్ళు. 1983లో ఓ రాత్రి ఆయన స్నేహితుడెవరో టేప్‌రికార్డరు తెచ్చి, కాటిసీను మొత్తం పట్టాడు. ఎవరూ చెరపకుండా క్యాసెట్టు వీపున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులు కూడా విరిచేశారు. అవి విరిస్తే ఇక రికార్డు మీట దిగదు.

మరుసటేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు, వింటానని ఆ క్యాసెట్టు అడిగి తెచ్చుకున్నాను. పదిహేనేళ్ళవాణ్ణి. పాటల లిస్టు జేబులో ఉంది. ఖాళీ క్యాసెట్టు కొనటానికి డబ్బుల్లేవు. సెంటరువాడు తిప్పి చూసి, "రేకులు విరిచి ఉన్నాయే, ఏమన్నా దాచుకున్నదేమో?" అన్నాడు. పాపం, అడిగాడు కూడా! "ఏం లేదు, చెరిపెయ్యండి" అన్నాను. బెజ్జాల మీద సెల్లోటేపు ముక్కలంటించాడు. అంతే.

మిరప కోతలప్పుడు మావయ్య అడిగాడు. "ఏరా అల్లుడూ, నా క్యాసెట్టేదిరా? వీళ్ళు వింటారంట." నోరు పెగల్లేదు. ఇచ్చాను. కల్లంలో మంచం మీద కూర్చుని, చుట్టూ పదిమందిని కూర్చోబెట్టుకుని మీట నొక్కాడు. డ్రమ్ములు మోగినయ్యి. 'వేటగాడు' పాట.

ఎవరూ నవ్వలేదు. మావయ్య ఆపలేదు. పాట అయ్యేదాకా తలొంచుకుని విన్నాడు. తర్వాత అడిగాడు, "సంగీతం ఎవరిదిరా?"

"చక్రవర్తి, మావయ్యా."

"మన పొన్నెకల్లు అప్పారావేగా! నాజర్ గారి ఊరు. బాగానే కొట్టాడు." అంతే, మీట నొక్కి ఆపేశాడు.

ఆయన చెప్పింది నిజమే. చక్రవర్తి అసలు పేరు కొమ్మినేని అప్పారావు, పుట్టింది పొన్నెకల్లులో. కానీ ఆ రాత్రి మావయ్య సంగీతం గురించి మాట్లాడలేదని నాకు తెలుసు. "మళ్ళీ పాడు మావయ్యా, రికార్డు చేద్దాం" అన్నాను. "చూద్దాంలే, పత్తి అమ్మాక" అన్నాడు. ఆ ఏటి పత్తి అమ్మారు. పై ఏటి పత్తీ అమ్మారు. తర్వాత గొంతు పోయింది, తర్వాత ఆయనే పోయాడు.

క్యాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది. నీ ఉత్తరం చదివాక ట్రంకు పెట్టె తెరిచాను. పాత డెక్కుని బాగుచేయించి, టేపు జారవిడిచిన గోధుమరంగు పొడి తుడుచుకుంటూ, చెరిపేసినదే కదా అని ఊరికే వింటూ కూర్చున్నాను. ఏ సైడు అయింది. బి సైడులో ఏడో పాట అయింది. లేచి ఆపబోతున్నాను. టేపు ఇంకా తిరుగుతోంది.

గాలి. కీచురాళ్ళు. దూరంగా కుక్క. ఆ తర్వాత మావయ్య గొంతు.

సెంటరువాడి ఏడు పాటలూ ముప్పై నిమిషాలకి సరిపోలేదు తమ్ముడూ. చివర్న రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోలేదు. పద్యం చివరి పాదం, ఆపైన తీసిన రాగం. రాగం పైకెళ్ళి నిలబడిందనుకునేసరికి మిరప ఘాటుకి ఒకటే దగ్గు. అందరూ నవ్వులు. "ఒరేయ్, నీళ్ళియ్యండ్రా!" అని ఎవరో కేక. చిన్నపిల్లాడి కాళ్ళ పరుగు. చెంబు చప్పుడు. టక్కున అయిపోయింది.

ఆ రెండు నిమిషాల్నీ ఫోన్లోకి ఎక్కించి ఒంగోల్లో ఉన్న బావకి పంపాను. మావయ్య కొడుకు. గంట తర్వాత ఫోను చేశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆ నీళ్ళు తెచ్చింది నేనేరా" అన్నాడు.