రేడియేటరు నెచ్చట నమర్చవలెను?

నేటి యువకులలో కంప్యూటరు క్రీడలయం దాసక్తి గలవారు పెక్కురు. వారిలో కొందఱు యంత్రమును భాగములుగా గొని స్వహస్తములతో గూర్చుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కాని వేలకొలది రూపాయలు వెచ్చించి, నీటితో చల్లార్చు పరికరమును గొనినవారు సైతము దాని రేడియేటరును ఫ్యానులను ఎచ్చట నుంచవలెనను విషయమున దగినంత యాలోచన చేయకున్నారు. అందమునకై కొందఱు, చోటు దొరకినదని మఱికొందఱు తోచినచోట బిగించుచున్నారు. ఇది తగదని నా యభిప్రాయము.

మొదట నొక సత్యమును గ్రహింపవలెను. నీరు వేడిమిని నశింపజేయదు, మోసికొనిపోవును, అంతియే. ప్రాసెసరునొద్ద గ్రహించిన వేడిని నీరు రేడియేటరునకు జేర్చును. ఫ్యానులు దానిని గాలిలో గలుపును. కావున యంత్రము పనిచేయునప్పు డా నీరు తన్ను చల్లార్చు గాలికంటె జల్లనిది కానేరదు. వేసవిలో గదిలోని గాలి 35 డిగ్రీలున్నచో నీరు నంతకు మించియే యుండును. సర్వము గాలి నడకపై నాధారపడియున్నది.

రేడియేటరును పెట్టె ముందువైపున నుంచి బయటిగాలిని లోనికి దీసికొనుట యొక పద్ధతి. పైకప్పున నుంచి లోనిగాలిని వెలికి బంపుట రెండవది. మొదటిదానివలన ప్రాసెసరు కొన్ని డిగ్రీలు చల్లగా నుండుననుట నిజమే. అయినను ఆ వేడెక్కిన గాలియే లోపలి గ్రాఫిక్సు కార్డుపై బడును. క్రీడలయందు హెచ్చు వేడిని బుట్టించునది గ్రాఫిక్సు కార్డే కదా! 2022లో వెలువడిన ఆర్.టి.ఎక్స్. 4090 కార్డునకు నిర్ణయింపబడిన శక్తి 450 వాట్లు. 2023లో వెలువడిన రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసరునకు 120 వాట్లు. ఆ ప్రాసెసరు 89 డిగ్రీలవరకు నోర్వగలదని నిర్మాతలే చెప్పియున్నారు. దానికి కొన్ని డిగ్రీలు తగ్గించుటకై పెద్ద భారము మోయు కార్డునకు వడగాలి పట్టించుట వివేకమా?

కావున క్రీడాయంత్రమున రేడియేటరు పైకప్పున నుండుటయే మేలు. ముందరి ఫ్యానులు చల్లగాలిని లోనికి దీసికొనవలెను. వెనుకదియు, పైవియు వెలికి బంపవలెను. వచ్చు గాలి పోవు గాలికంటె గొంచెము హెచ్చుగా నున్నచో ధూళి సందులనుండి చొరబడక జల్లెడలయందే చాలవఱకు నిలుచును. రేడియేటరు రేకుల యిఱుకు సందులలో గాలిని నెట్టగల బలమైన ఫ్యానులనే కొనవలెను. రేడియేటరు మందము 27 మిల్లీమీటర్లైనచో ఫ్యాను మఱి 25 మిల్లీమీటర్ల నాక్రమించును. పెట్టెను ముందే కొలిచి చూచుకొనుట మంచిది.

పైన చోటు చాలనివారును, క్రీడలకంటె ప్రాసెసరుకు శ్రమ గలిగించు పనులే ముఖ్యమైనవారును ముందువైపున నుంచుకొనుట దోషము కాదు. కాని యెచ్చట నుంచినను పంపు అన్నిటికంటె నెత్తున నుండరాదు. కాలక్రమమున గొట్టములలో కొంత గాలి చేరును. అది యెత్తైన చోటికే పోవును. రేడియేటరు పైభాగము పంపుకంటె నెత్తున నున్నచో ఆ గాలి యచ్చటనే నిలుచును. రేడియేటరును పెట్టె యడుగున బిగించినచో గాలి పంపులో జేరి, రొద పుట్టించి, తుదకు దానిని జెఱచును.

యంత్రము కంటి కింపుగా నుండుట తప్పు గాదు. అయినను రంగురంగుల దీపములు వేడిని దగ్గింపవు. తల్లిదండ్రుల కష్టార్జితముతో గొన్న వస్తువు పదికాలములు నిలువవలెనన్నచో, గాలి వచ్చు త్రోవను, పోవు త్రోవను మొదట కాగితముపై గీచికొని, పిదప మరలు బిగింపుడు.