ఆపకుండానే మార్చేయొచ్చు... కానీ!

ఫోన్‌లో దాచుకున్న పేర్లు, నంబర్లు, మెసేజ్‌లు ఎక్కడుంటాయి? చాలా ఫోన్లలో ‘ఎస్‌క్యూలైట్‌’ అనే బుల్లి డేటాబేస్‌లో. అమెరికాకు చెందిన రిచర్డ్‌ హిప్‌ 2000లో దీన్ని రూపొందించారు. దీనికి విడిగా సర్వర్‌ అక్కర్లేదు, యాప్‌లోనే ఒదిగిపోతుంది. సెట్టింగులు మార్చాలన్నా ఆపనక్కర్లేదు. పని జరుగుతుండగానే ‘ప్రాగ్మా’ అంటూ ఓ ఆదేశమిస్తే చాలు.

చిక్కల్లా ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలియకపోవడమే. మార్పుల్ని ముందు వేరే ఫైల్లో రాసుకునే ‘వాల్‌’ పద్ధతికి ఒకసారి మారిస్తే, మూసి తెరిచినా అలాగే ఉంటుంది. ‘సింక్రనస్‌’ సంగతి వేరు. తెరిచిన ప్రతిసారీ మళ్లీ చెప్పాల్సిందే. వేగం కోసం కొందరు దీన్ని ఆఫ్‌ చేసేస్తారు. అప్పుడు రాసింది నిజంగా మెమరీకి చేరిందో లేదో చూడకుండానే డేటాబేస్‌ ముందుకెళ్లిపోతుంది. యాప్‌ మధ్యలో ఆగినా ఫర్వాలేదు. ఫోనే హఠాత్తుగా ఆగిపోయిందా, ఫైలు పాడై నంబర్లన్నీ గల్లంతు కావచ్చు.